జ్వరానికి ఏ పరీక్ష, ఎన్నో రోజున, ఎక్కడ? రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలకు

గుణుపురంలోనో రాయగడలోనో ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చి తగ్గకపోతే మనవాళ్లు మూడు దారులు చూస్తారు. ఆశా దీదీని పిలిచి వేలు గుచ్చి మలేరియా కార్డు చూపించుకోవడం ఒకటి. బజారులో ల్యాబుకు వెళ్లి ‘ఫీవర్ ప్యాకేజీ’ చేయించుకోవడం రెండోది. అదీ ఇదీ ఎందుకని నేరుగా రైలెక్కి పార్వతీపురమో విజయనగరమో వెళ్లిపోవడం మూడోది. పర్లాకిమిడి వాళ్లయితే పాతపట్నం దాటి టెక్కలి, శ్రీకాకుళం వైపు, జయపురం, కోరాపుట్ వాళ్లయితే ఘాట్ దిగి సాలూరు, విజయనగరం వైపు వెళ్తారు. వీటిలో ఏది మేలని అడిగేవాళ్లు ఎక్కువ. ల్యాబులో రక్తాలు తీసిన అనుభవంతో చెబుతున్నాను, ఊరు ఎంచుకునే ముందు జ్వరం ఎన్నో రోజో లెక్కపెట్టండి. రెండో రోజున ఏమీ చూపించని పరీక్షే ఏడో రోజున జబ్బు పేరు చెబుతుంది. రెండో రోజున తేటగా పట్టిచ్చే పరీక్ష ఏడో రోజుకు ఖాళీగా రావచ్చు. జ్వరం మొదలైన రోజును ఒకటో రోజుగా లెక్కించి, ఆ తేదీ కాగితం మీద రాసిపెట్టుకోండి. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

ఒకటో రోజే మలేరియా

ఈ కొండ జిల్లాల్లో ఇందులో ఎంపికేమీ లేదు. జ్వరం ఏదైనా, జలుబు దగ్గు ఉన్నా, మలేరియా పరీక్ష ముందు జరగాలి. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ‘దమన్’ కార్యక్రమం వల్ల మారుమూల పల్లెల్లో మలేరియా బాగా తగ్గింది, నిజమే. కానీ ఇక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపేరం రకం. అది రెండు మూడు రోజుల్లో మెదడుకు, కిడ్నీలకు ఎక్కగలదు. అందుకే జ్వరం వచ్చిన 24 గంటల్లోపు పరీక్ష జరగాలని చెబుతారు.

కార్డా, స్లైడా? స్లైడంటే రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడడం. పల్లెలో ఉంటే కార్డే. ఆశా దీదీ దగ్గర ఉచితంగా దొరుకుతుంది, పావుగంట ఇరవై నిమిషాల్లో ఫలితం వస్తుంది, ఫాల్సిపేరం, మరో మలేరియా రకమైన వైవాక్స్ రెండింటినీ విడిగా చూపిస్తుంది, కరెంటు అక్కర్లేదు. పట్నంలో ల్యాబు దగ్గరుంటే స్లైడు కూడా తీయించండి. స్లైడులో క్రిములు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది, మందు పనిచేస్తోందో లేదో రెండు రోజుల తర్వాత మళ్లీ చూసి చెప్పవచ్చు. కార్డుతో ఆ పని కాదు. ఫాల్సిపేరం గీత కార్డు మీద వచ్చేది ఆ క్రిమి వదిలే ఒక ప్రోటీన్ వల్ల. మందులు పూర్తయి క్రిమి చచ్చిపోయినా ఆ ప్రోటీన్ కొన్ని వారాలు రక్తంలో ఉండిపోతుంది. పోయిన నెల మలేరియాకు మందు వాడిన మనిషికి ఇప్పుడు జ్వరం వచ్చి కార్డు పాజిటివ్ అయితే, అది పాతదో కొత్తదో కార్డు చెప్పలేదు. అప్పుడు స్లైడు తప్పనిసరి.

స్లైడుకూ లోటు ఉంది. చూసేవాళ్ల కన్ను ఎంత నిదానంగా ఉంటే ఫలితం అంత నమ్మకం. రద్దీ ల్యాబులో రెండు నిమిషాల్లో ‘నెగెటివ్’ అని రాసిచ్చిన స్లైడును నేను లెక్కలోకి తీసుకోను. ఒక్కసారి నెగెటివ్ వచ్చి చలి, వణుకు ఆగకపోతే 12 నుంచి 24 గంటల తర్వాత మళ్లీ తీయించాలి, అవసరమైతే మూడోసారి కూడా. రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోండి. మెడికల్ షాపులో అడిగి రెండు మలేరియా మాత్రలు వేసుకుని వస్తే స్లైడులో ఏమీ దొరకకపోవచ్చు, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది.

వైవాక్స్ అని తేలితే ప్రైమాక్విన్ అనే మాత్ర 14 రోజులు వాడాలి. ఇక్కడి గిరిజన కుటుంబాల్లో, మరికొందరిలో కూడా జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటుంది. అలాంటివాళ్లకు ఆ మందు పడితే రక్తకణాలు పగిలి మూత్రం నల్లగా రావచ్చు. మందు మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష ఎక్కడ జరుగుతుందో డాక్టరునే అడగండి. మూత్రం రంగు మారిందంటే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డెంగ్యూ: ఐదో రోజుకు అటూ ఇటూ

డెంగ్యూకు ఎన్ఎస్1, ఐజీఎం అని రెండు పరీక్షలు. ఎన్ఎస్1 వైరస్ వదిలే ప్రోటీన్‌ను, ఐజీఎం శరీరం దాని మీద తయారుచేసే యాంటీబాడీని చూస్తుంది. మొదటి ఐదు రోజులు ఎన్ఎస్1 కాలం. ఐదు దాటాక ఐజీఎం కాలం. ఏడో రోజున వచ్చిన మనిషికి ఎన్ఎస్1 ఒక్కటే చేసి ‘డెంగ్యూ లేదు’ అనడం, రెండో రోజున వచ్చినవాళ్లకు ఐజీఎం ఒక్కటే చేసి అదే మాట అనడం, రెండూ తప్పే. గతంలో ఒకసారి డెంగ్యూ వచ్చినవాళ్లలో ఎన్ఎస్1 తరచుగా నెగెటివ్ వస్తుంది, ఇదీ గుర్తుంచుకోవాలి.

బజారు ల్యాబుల్లో చేసేది ఎక్కువగా కార్డు. ప్రభుత్వం డెంగ్యూ కేసుగా ఖాయం చేసేది ఎలైజా పద్ధతిలో, అంటే ల్యాబు మెషీన్ మీద చేసే పరీక్షలో వచ్చిన ఫలితాన్నే. కార్డు పాజిటివ్ అయితే జాగ్రత్త మొదలుపెట్టడానికి అది చాలు, ఎలైజా కోసం పేషెంటును బస్సులో తిప్పనక్కర్లేదు. ఎందుకంటే డెంగ్యూకు ప్రత్యేకమైన మందు లేదు. ప్రాణం కాపాడేది పేరు కాదు, రోజూ చూసే రక్త లెక్క. ప్లేట్‌లెట్లతో పాటు హెమటోక్రిట్ కూడా చూడాలి, అది రక్తం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, రిపోర్టులో పీసీవీ అని ఉంటుంది. పీసీవీ పెరుగుతూ ప్లేట్‌లెట్లు పడిపోతుంటే రక్తనాళాల్లోంచి నీరు కారుతోందని అర్థం. జ్వరం దిగిపోయిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే రోజే, అంటే మూడు నుంచి ఏడో రోజు మధ్య, అసలు ప్రమాదం మొదలయ్యేది. ఆ రోజుల్లో రక్త పరీక్ష మానకండి. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, పారాసిటమాల్ ఒక్కటే.

ప్లేట్‌లెట్లు తగ్గాయి కాబట్టి డెంగ్యూ అనే తీర్మానం మన దగ్గర చాలా వ్యాపించింది. మలేరియాలోనూ తగ్గుతాయి, కింద చెప్పబోయే స్క్రబ్ టైఫస్‌లోనూ తగ్గుతాయి. ఆ రెండింటికీ మందులున్నాయి. డెంగ్యూ అనుకుని సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చుంటే ఆ మందులు అందే సమయం పోతుంది.

ఇంకో చిన్న సంగతి. రక్తకణాలను లెక్కపెట్టే ఈ పరీక్షను ఆంధ్ర ల్యాబుల్లో సీబీపీ అంటారు, ఒడిశా డాక్టరు చీటీ మీద సీబీసీ అని ఉంటుంది. రెండూ ఒకటే, అదే రోజున రెండుసార్లు డబ్బు కట్టకండి. చికున్‌గున్యా పరీక్ష గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. తేలినా తేలకపోయినా మొదటి వారంలో వైద్యం మారదు.

టైఫాయిడ్: వైడాల్ కన్నా కల్చర్

ఇది ఎక్కువమందిని తప్పుదారి పట్టించే చోటు, అందుకే కొంచెం నిలబడి చెబుతాను.

వైడాల్ పరీక్ష 1896 నాటిది. శరీరం టైఫాయిడ్ క్రిమి మీద తయారుచేసుకున్న యాంటీబాడీలను కొలుస్తుంది. ఆ యాంటీబాడీలు తయారవడానికే వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి మూడో రోజు వైడాల్ నెగెటివ్ అంటే ఏమీ తెలియనట్టే. పాజిటివ్ అయినా అంతే. మన దేశంలో టైఫాయిడ్ సాధారణం కాబట్టి ఆరోగ్యంగా తిరిగేవాళ్లలో కూడా యాంటీబాడీల కొలత 1:80 దాకా కనిపించడం మామూలే. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్, వేయించుకున్న టీకా, చివరికి మలేరియా కూడా ఈ అంకెను పెంచగలవు. ఒక్కసారి తీసిన వైడాల్‌లో ‘ఓ 1:80, హెచ్ 1:160’ అని చూసి టైఫాయిడ్ అని ఖాయం చేసి, వారం పాటు ఇంజెక్షన్లు నడిపించడం ఈ సరిహద్దు ఊళ్లలో రోజూ జరుగుతోంది. ఆ వారంలో అసలు జబ్బు ముదురుతుంది.

దీనికి బదులు చేయించాల్సింది బ్లడ్ కల్చర్. రక్తంలో ఉన్న క్రిమిని పెంచి చూస్తారు. అది దొరికితే టైఫాయిడ్ అనడంలో సందేహం లేదు, దాని మీద ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో కూడా రిపోర్టులోనే వస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులకు మన దేశపు టైఫాయిడ్ చాలావరకు లొంగడం మానేసింది కాబట్టి ఆ రెండో సమాచారం ఎంతో విలువైనది. కల్చర్‌కు మొదటి వారం మంచి కాలం. ఫలితానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఐదు రోజులు ఆగాలి. పెద్దవాళ్లకు ఒక సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం కావాలి. తక్కువ తీస్తే క్రిమి దొరికే అవకాశం తగ్గిపోతుంది, కాబట్టి ‘ఇంత రక్తమా’ అని అడ్డుపడకండి.

కల్చర్‌కు రెండు ఇబ్బందులున్నాయి. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లలోనూ సుమారు సగం మందిలోనే అది పట్టిస్తుంది. నెగెటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ కాదని డాక్టరు అనరు. రెండోది, అంతకుముందే యాంటీబయాటిక్ పడితే ఆ సగం కూడా ఉండదు. మన ఊళ్లలో ఆర్ఎంపీ దగ్గర మొదటి రోజే ఒక ఇంజెక్షన్, మూడు రకాల మాత్రలు అయిపోతాయి. ఆ తర్వాత విశాఖలో ఎంత పెద్ద ఆసుపత్రికి వెళ్లి కల్చర్ చేయించినా ఖాళీగా రావచ్చు. జ్వరం మూడు రోజులు దాటి, మలేరియా లేదని తేలితే, యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే కల్చర్‌కు రక్తం ఇవ్వండి. రక్తం ఇచ్చిన గంటలోనే మందు మొదలుపెట్టినా పరవాలేదు, క్రమం మారకూడదు అంతే. ఒకవేళ మందు పడిపోయి ఉంటే ఆ మాత్రల అట్టను డాక్టరుకు చూపించండి.

ఒంటి మీద నల్లటి పొక్కు

ఈ జిల్లాల్లో జ్వర కారణాల్లో స్క్రబ్ టైఫస్ ముఖ్యమైనది. ప్యాకేజీలో ఉండదు, అడిగితే తప్ప చేయరు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. వానల మధ్య నుంచి చలి మొదలయ్యేదాకా ఎక్కువ. పొలం గట్ల మీద పనిచేసేవాళ్లు, కట్టెలకు అడవికి వెళ్లేవాళ్లు, మేకలు కాసే పిల్లలు దీని బారిన పడతారు.

దీనికి మొదటి పరీక్ష డబ్బు లేనిది. మనిషి ఒంటిని నిదానంగా వెతకాలి. కుట్టినచోట సిగరెట్ కాలినట్టు నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి పేషెంటుకే తెలియదు. చంకలు, గజ్జలు, నడుం, ఆడవాళ్లలో రొమ్ముల కింద, పిల్లల్లో చెవుల వెనుక, తలలో చూడాలి. మగ డాక్టరు ముందు బట్టలు తొలగించడానికి మన ఆడవాళ్లు ఒప్పుకోరు, అడగడానికి డాక్టరూ మొహమాటపడతారు. అందుకే ఇంట్లోనే తల్లో అక్కో చూసి, ఉంటే ఆ మాట ముందుగా చెప్పడం మేలు. అందరికీ పొక్కు ఉండదు, లేదని వదిలేయకూడదు. కోరాపుట్ వైపు చచ్చిన పశువు మాంసం కోసినవాళ్లకు చేతుల మీద ఇలాంటి నల్ల పుండే ఆంత్రాక్స్ వల్ల కూడా వస్తుంది. అలాంటి పని చేసి ఉంటే దాచకుండా చెప్పాలి.

రక్త పరీక్షల్లో ఐజీఎం ఎలైజా మేలు, ఐదు నుంచి ఏడో రోజు తర్వాత పట్టిస్తుంది. చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ చేసే వీల్-ఫెలిక్స్ పాత పరీక్ష, చాలా కేసులను వదిలేస్తుంది, దాని నెగెటివ్‌ను నమ్మలేం. ఐదు రోజులు దాటిన జ్వరం, మలేరియా లేదు, పొక్కు ఉంది అంటే చాలామంది డాక్టర్లు రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెడతారు. అది సరైన పనే. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. సరైన మందు పడితే జ్వరం సాధారణంగా రెండు రోజుల్లో దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి.

మోకాలి లోతు నీళ్లలో నాట్లు వేసినవాళ్లకు కళ్లు ఎర్రబడి, పిక్కలు విపరీతంగా నొప్పిపెడితే లెప్టోస్పైరోసిస్ పరీక్ష కూడా అడగండి. దాని ఐజీఎం కూడా ఐదు రోజులు దాటాకే.

సికిల్‌సెల్ ఉన్న ఇల్లు

కోరాపుట్, రాయగడ, మల్కనగిరి ప్రాంతాల్లో సికిల్‌సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ జబ్బు ఉన్న పిల్లవాడికి జ్వరం వస్తే పైన చెప్పిన రోజుల లెక్క వర్తించదు. అదే రోజు ఆసుపత్రి, అక్కడే కల్చర్, అక్కడే మందు. మూడు నెలలు నిండని పసిబిడ్డకూ ఇదే వర్తిస్తుంది.

ఇక్కడా, ఘాట్ దిగా?

ఈ ప్రశ్నకు నా జవాబు, ఆ పరీక్షకు తీసిన రక్తం ప్రయాణం తట్టుకోగలదా అన్న దాని మీద ఆధారపడుతుంది. ఇక్కడి చాలా ల్యాబులు నిజానికి రక్తం తీసి విశాఖకో భువనేశ్వర్‌కో పంపే సెంటర్లే. బోర్డు మీద పెద్ద పేరుంటుంది, మెషీన్ మాత్రం మరో ఊళ్లో ఉంటుంది. అందుకే డబ్బు కట్టే ముందు ‘ఈ పరీక్ష ఇక్కడే చేస్తారా, పంపిస్తారా, రిపోర్టు ఎప్పుడు’ అని అడగండి.

మలేరియా స్లైడు తాజా రక్తంతో తీయాలి, గంటలు గడిస్తే క్రిమి ఆకారం చెడుతుంది. అది ఇక్కడే. సీబీసీ కూడా ఇక్కడే, అదే రోజు. ట్యూబులో రక్తం గడ్డకట్టినా, ప్లేట్‌లెట్లు ముద్దలు కట్టినా అంకె తప్పుగా తక్కువ వస్తుంది. ప్లేట్‌లెట్లు హఠాత్తుగా పడిపోయినట్టు రిపోర్టు వస్తే, బెదిరిపోయే ముందు మళ్లీ తీసి స్లైడు మీద చూసి చెప్పమనండి. మూత్ర పరీక్ష తీసిన రెండు గంటల్లోపు కావాలి, అదీ ఇక్కడే.

డెంగ్యూ, స్క్రబ్ టైఫస్ ఎలైజాలకు రక్తంలోంచి సీరం అనే తేట నీటిని విడదీసి ఐస్ డబ్బాలో పెడితే పై ఊళ్లకు వెళ్లినా చెడదు. వాటికి పేషెంటు కదలనక్కర్లేదు. కల్చర్ సంగతి వేరు. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, కొద్ది గంటల్లోనే మెషీన్‌లోకి చేరాలి. సాయంత్రం తీసిన సీసా రాత్రంతా కౌంటర్ మీదుండి మర్నాడు బస్సెక్కితే ఆ ఫలితం మీద నాకు నమ్మకం ఉండదు. దీనికి మైక్రోబయాలజీ ల్యాబు ఉన్న ఆసుపత్రికి మనిషే వెళ్లడం మంచిది. కోరాపుట్‌లో ఎస్ఎల్ఎన్ మెడికల్ కాలేజీ, బరంపురంలో ఎంకేసీజీ, అటు విశాఖలో కేజీహెచ్. రాయగడ జిల్లాలో బిస్సంకటక్ క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది, 1954 నుంచి ఈ కొండల జ్వరాలు చూస్తున్న చోటు.

ఖర్చు సంగతికొస్తే, ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘నిదాన్’ కింద పరీక్షలు, ‘నిరామయ’ కింద మందులు ఉచితం. భాష రాదని, ఒడియా చీటీ చదవలేమని మనవాళ్లు దీన్ని వదులుకుంటున్నారు. మొదటి మూడు రోజులకు కావాల్సినవి, అంటే మలేరియా, సీబీసీ, మూత్రం, దగ్గర్లోని సీహెచ్‌సీలోనే (ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రం) అడగండి. మిగిలిన డబ్బును కల్చర్‌కో ఎలైజాకో దాచుకోండి. ప్యాకేజీలో వైడాల్‌కు, ఆ రోజున పనికిరాని మరో రెండు పరీక్షలకు అది పోకూడదు.

అటు వెళ్లేవాళ్లకు ఒక మాట. మైదానంలో డాక్టరుకు మీరు ఏ కొండ నుంచి వచ్చారో తెలియదు. రాయగడలో పెళ్లికి వచ్చి పదిహేను రోజుల తర్వాత విశాఖలో జ్వరంతో పడుకున్న బంధువుకూ ఇది వర్తిస్తుంది. ‘మలేరియా ఉన్న ప్రాంతంలో పడుకున్నాను’ అనే ఒక్క వాక్యం వల్ల మొదటి పరీక్ష మారిపోతుంది. వైవాక్స్ అయితే నెలల తర్వాత కూడా తిరగబెట్టవచ్చు.

పరీక్షలు ఆగాల్సిన చోట

ఫిట్స్, మాట తడబడడం, మగతగా ఉండి లేపితే లేవకపోవడం, ఆయాసం, ఆగని వాంతులు, కడుపులో తీవ్రమైన నొప్పి, చిగుళ్ల నుంచో మలంలోనో రక్తం, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, కాళ్లు చేతులు చల్లబడడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ల్యాబు దగ్గర వరుసలో నిలబడకండి. 108కి ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2016లో మల్కనగిరిలో పిల్లలు మెదడువాపుతో చనిపోయినప్పుడు జ్వరానికీ ఫిట్స్‌కూ మధ్య గడువు ఎంత తక్కువో ఈ ప్రాంతమంతా చూసింది.

వారం దాటినా పేరు తేలకపోతే

అన్నీ నెగెటివ్ వచ్చి జ్వరం ఎనిమిదో రోజులోకి వెళితే కొత్త ల్యాబులో పాత పరీక్షలే మళ్లీ చేయించడం వృథా. ముందు తొందరపడి చేయించిన ఐజీఎంలు ఉంటే ఇప్పుడు వాటికి సమయం వచ్చింది, డెంగ్యూకు, స్క్రబ్‌కు మళ్లీ తీయించండి. మలేరియా మందు పూర్తిగా వాడినా మూడు రోజుల్లో జ్వరం దిగకపోతే, మలేరియాతో పాటు ఇంకొకటి ఉందేమో అని అడగండి, ఈ అడవుల్లో రెండు కలిసి రావడం ఉంది. రెండు వారాలు దాటి సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఎక్స్‌రే, తెమడకు సీబీనాట్ లేదా ట్రూనాట్ అనే టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ టీబీ కేంద్రాల్లో అవి ఉచితం. గుండె కవాటాల జబ్బు ముందే ఉన్నవాళ్లకు కల్చర్ ఒక్క సీసా చాలదు, వేరువేరు చోట్ల నుంచి మూడుసార్లు తీస్తారు, దానికి మెడికల్ కాలేజీలో చేరడమే దారి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టుకుని, ప్రతి దాని మీద అది జ్వరం ఎన్నో రోజున తీసినదో పెన్నుతో రాయండి. తెలుగులో రాసినా పరవాలేదు, అంకెలు ఏ డాక్టరుకైనా అర్థమవుతాయి.